జంబేరి పిలకల్ని ముక్కలు చేసి నాటితే వేర్లు వస్తాయా? ఏ హార్మోన్, ఎంత మోతాదు?

ప్రశ్న కాస్త పొడుగ్గా ఉంది కాబట్టి నాకు అర్థమైనంత ముందు చెప్పేస్తాను. మీది నల్గొండ వైపు పాత బత్తాయి తోట. చెట్ల మొదళ్లలో, అంటు కట్టిన చోటుకి కింది నుంచి జంబేరి (బత్తాయి అంటు కట్టడానికి కింద వేరు భాగంగా వాడే నిమ్మజాతి) పిలకలు తెగ వస్తున్నాయి. ఎలాగూ కోసి పారేసేవే కదా అని వాటిని జానెడు ముక్కలు చేసి, గులాబీ కొమ్మకు చేసినట్టే ఆకులన్నీ దూసేసి, రూటింగ్ పౌడర్ అద్ది, ఏప్రిల్ మొదట్లో పాలిథిన్ గుడారం కింద 300 నాటారు. ఇప్పటికి 40 పచ్చగా మిగిలాయి. ఒకటి పీకి చూస్తే కింద తెల్లటి ముద్ద తప్ప వేరు లేదు. పౌడర్ నకిలీదా, మోతాదు పెంచాలా, పిందె రాలకుండా కొట్టడానికి ఇంట్లో ఉన్న ప్లానోఫిక్స్ మందు వాడొచ్చా, తేనె, కలబంద పనిచేస్తాయా అన్నవి మీ సందేహాలు.

సూటిగా జవాబు: జంబేరికి కొమ్మ ముక్కల నుంచి వేర్లు వస్తాయి. అలాగే అంటుకు కింద వాడే రంగపూర్ నిమ్మకూ వస్తాయి. ఐబీఏ అనే హార్మోన్ 1000 నుంచి 2000 పీపీఎం (లీటరుకు 1 నుంచి 2 గ్రాములు) చాలు. మీ పౌడర్ మంచిదే అయి ఉండొచ్చు. మీ ముక్కల్ని చంపింది ఆకులు దూసెయ్యడం, ఏప్రిల్ ఎండ. ఇంకో మాట మీకు నచ్చదేమో గానీ చెప్పక తప్పదు. పాత తోటలో అంటు కింది పిలకల్ని మాత్రం వేరుమూలంగా (అంటు కట్టే కింది మొక్కగా) వాడకండి. అవి చక్కగా వేర్లు వేసినా సరే. మీకు కావలసింది మామూలు జంబేరి మొక్కలే అయితే గింజ నాటుకోవడమే మేలు.

నేను రైల్వే కోడూరు వైపు ఇరవై ఏళ్లకు పైగా నర్సరీ నడుపుతున్నాను. బత్తాయి, నిమ్మ అంట్లే ఎక్కువ. కటింగులు సరదా కొద్దీ మొదలుపెట్టి, ఆ పిచ్చిలో చాలానే పాడుచేశాను. ఆ అనుభవంతోనే రాస్తున్నాను.

ముందు ఆకు సంగతి

గులాబీ, దానిమ్మ, మల్బరీ, ద్రాక్ష లాంటివాటికి ముదురు కొమ్మలో దాచుకున్న పిండిపదార్థం బాగా ఉంటుంది. ఆకు లేకపోయినా ఆ నిల్వ తినుకుంటూ వేరు వేస్తాయి. నిమ్మజాతి అలా కాదు. ఏడాది పొడుగునా ఆకుతో ఉండే చెట్టు, తిండి ఎక్కువగా ఆకులోనే దాచుకుంటుంది. కటింగుకి వేరు రావాలంటే ఆకు బతికి ఉండాలి. అది వెలుతురు తీసుకుని తిండి చెయ్యాలి, అక్కడ పుట్టే సహజ హార్మోన్ కాండం గుండా కిందికి దిగాలి. మనం అద్దే పౌడర్ దానికి తోడు మాత్రమే. ఆకు లేని ముక్కకు ఎంత మంచి హార్మోన్ పెట్టినా, నూనె లేని దీపానికి వత్తి పెంచినట్టే. మాదీఫలం, గజనిమ్మ లాంటి ఒకటి రెండు రకాలు ఆకు లేకుండా కూడా వేరు వేస్తాయి గానీ వాటిని చూసి అన్నిటికీ అదే అనుకోకూడదు.

ఆకు దూసేసిన ముక్కకు ఇంకో మోసం ఉంది. వారం పది రోజుల్లో కణుపు దగ్గర లేత చిగురు వస్తుంది. మనం సంబరపడి పక్కింటాయన్ని పిలిచి చూపిస్తాం. ఆ చిగురు కాండంలో ఉన్న కాస్త తిండీ లాగేసుకుని, కింద వేరు లేక, ఇరవయ్యో రోజుకి వాడి నల్లబడుతుంది. వేరుకంటే ముందు వచ్చిన చిగురు మంచి సూచన కాదు. నా దగ్గరైతే మొదటి మూడు వారాల్లో కణుపు కదలకుండా, ఉన్న ఆకు పచ్చగా నిలబడ్డ ముక్కలే ఎక్కువగా వేరు వేశాయి.

మీరు చూసిన తెల్లటి ముద్దను కాలస్ అంటారు. కోసిన గాయం మానడానికి చెట్టు కట్టుకునే కట్టు అది. అది వచ్చిందంటే ముక్క బతికే ఉందని అర్థం. వేరు వస్తుందన్న హామీ మాత్రం కాదు. వేరు కాలస్‌లోంచి పుట్టాలనేమీ లేదు, చాలాసార్లు దానికి కాస్త పైన బెరడు చీల్చుకుని వస్తుంది. ముద్ద శనగగింజంత పెరిగి వేరు లేకపోతే రెండు కారణాలు చూడండి: ఆకు లేకపోవడం, లేదా కింద మట్టి మరీ తడిగా ఉండటం.

పిలకలు ఎందుకు వద్దన్నానంటే

అంటు కింది పిలకలు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. నిటారుగా, ఏపుగా, వేలెడు లావున. కటింగుకి వీటిని మించినవి లేవనిపిస్తుంది. నేనూ అలాగే అనుకున్నాను. కానీ పైన ఉన్న బత్తాయి కొమ్మలో ట్రిస్టీజా వైరస్ గానీ, గ్రీనింగ్ అనే బ్యాక్టీరియా తెగులు గానీ ఉంటే అది రసం వెంట కింది జంబేరిలోకి కూడా దిగి ఉంటుంది. పైన ఉన్నదీ కింద ఉన్నదీ ఒకే చెట్టు కదా. ట్రిస్టీజాను పేనుబంక మోస్తుంది, గ్రీనింగ్‌ను సిల్లిడ్ అనే చిన్న రసం పీల్చే పురుగు మోస్తుంది. పదిహేనేళ్ల తోటకు ఈ రెండూ తగలకుండా ఉండటం అదృష్టమే.

బత్తాయిని జంబేరి మీద గానీ రంగపూర్ మీద గానీ కట్టినప్పుడు ట్రిస్టీజా ఉన్నా చెట్టు తట్టుకుంటుంది, బయటికి పెద్దగా కనపడదు. అందుకే "మా చెట్టు బాగానే కాస్తోంది కదా" అన్న మాట మీద ఆధారపడలేం. ఒకసారి నేనే ఓ పాత తోట పిలకల నుంచి వేర్లు వేయించిన మొక్కల మీద అనుమానమొచ్చి, వాటి బెరడు ముక్కలు తీసి ఐదు కాగ్జీ నిమ్మ నారు మొక్కలకు అంటు పెట్టాను. ట్రిస్టీజాను పట్టిచ్చే పరీక్ష మొక్క కాగ్జీ నిమ్మే. నెలన్నర తర్వాత కొత్త ఆకుల్ని ఎండకు ఎత్తి పట్టుకుని చూస్తే, మూడింటిలో సన్నటి ఈనెలు అక్కడక్కడా తెగినట్టు, ఆ చోట్ల గాజులా తెల్లగా మెరుస్తూ కనిపించాయి. ఆ బ్యాచ్ మొత్తం తగలబెట్టాను. రెండు వందల పైచిలుకు మొక్కలు. ఆ రోజు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు.

ఎక్సోకార్టిస్ అని ఇంకో రోగం ఉంది. అది కత్తి అంచు మీద కూడా ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకి పోతుంది. రంగపూర్ దానికి బాగా లొంగుతుంది, బెరడు నిలువునా పగిలి చెట్టు గిడసబారుతుంది. అందుకే కటింగులు కోసేటప్పుడు చెట్టు మారిన ప్రతిసారీ సికేచర్‌ను (కొమ్మలు కోసే కత్తెరను) బ్లీచింగ్ నీళ్లలో ముంచి తుడవాలి. స్పిరిట్‌తో తుడిస్తే దీనికి సరిపోదు.

ఇక్కడే గింజ గొప్పతనం తెలుస్తుంది. ట్రిస్టీజా, గ్రీనింగ్ గింజ ద్వారా రావు. పైగా జంబేరి, రంగపూర్ గింజలో ఒకటి కాదు, రెండు మూడు పిండాలు ఉంటాయి. వాటిలో ఎక్కువ భాగం పరాగంతో పని లేకుండా తల్లి కణజాలం నుంచే పుట్టినవి. అంటే గింజ నుంచి వచ్చినా అచ్చు తల్లిలాగే ఉంటుంది. ఒక గింజ పెడితే రెండు మొలకలు రావడం మీరూ చూసే ఉంటారు. మామిడి టెంక గానీ జామ గింజ గానీ పెడితే ఏమొస్తుందో అన్న టెన్షన్ ఇక్కడ లేదు. నారుమడిలో మరీ పొట్టివి, ఆకు తేడాగా ఉన్నవి, మరీ ఏపుగా మీదికి పోయినవి ఏరి పారేస్తే మిగిలినవన్నీ ఒకే రకం. కటింగుతో వచ్చే ప్రధానమైన లాభం "తల్లి గుణం అలాగే రావడం". అది ఈ రెండు రకాల్లో గింజతోనే, ఖర్చు లేకుండా వచ్చేస్తుంటే ఇంత తంటా ఎందుకు?

మీకు ఆ జంబేరి మీదే మనసుంటే ఒక ఉపాయం. ఎలాగూ తీసెయ్యాల్సిన బక్క చెట్టు ఒకటి చూసి, దాని జంబేరి పిలకను పెరగనిచ్చి కాయనివ్వండి. పండిన కాయను చెట్టు మీదే కోయండి, రాలినది ఏరొద్దు. రాలిన కాయకు నేలలోంచి ఫైటోఫ్తొరా అనే కుళ్ళు తెగులు అంటుకుంటుంది. గింజలు తీసి, కడిగి, 52 డిగ్రీల వేడి నీళ్లలో 10 నిమిషాలు ఉంచి, నీడలో తడి ఆరేదాకా మాత్రమే ఆరబెట్టి వెంటనే విత్తండి. నిమ్మజాతి గింజను పెసలు, కందుల్లాగా ఎండబెట్టి డబ్బాలో దాస్తే మొలక పోతుంది. వేడికి థర్మామీటర్ తప్పనిసరి, చేత్తో అంచనా వేస్తే గింజ ఉడుకుతుంది.

మరి కటింగులు ఎప్పుడు పనికొస్తాయి?

గింజ దొరకని రకానికి. ట్రాయర్, కారిజో సిట్రేంజ్ లాంటి వేరుమూలాలు మీ చేతికి ఒకటో రెండో మొక్కలు వచ్చాయనుకోండి, అవి కాయడానికి ఏళ్లు పడుతుంది. వాటిని పెంచుకోవాలంటే కటింగే దారి. అమెరికాలో ఫ్లోరిడా నర్సరీలకు ఇదే అవసరం వచ్చింది. గ్రీనింగ్ తోటల్ని తుడిచిపెట్టాక, దాన్ని కాస్త తట్టుకునే యూఎస్-942 లాంటి కొత్త వేరుమూలాలకు ఒక్కసారిగా గిరాకీ పెరిగింది. అంత గింజ లేదు. అందుకే అక్కడ కటింగులు, టిష్యూ కల్చర్ పెద్ద ఎత్తున మొదలయ్యాయి. పంపర పనస లాంటివాటికి కూడా కటింగు అర్థవంతమే. దాని గింజలో ఒకే పిండం ఉంటుంది కాబట్టి గింజ మొక్కలు ఒక్కోటి ఒక్కో తీరుగా వస్తాయి.

సమయం కలిసొస్తుందని కొందరంటారు. గింజ విత్తిన దగ్గర్నుంచి అంటు కట్టే లావుకి నా దగ్గర ఏడాది, ఒక్కోసారి ఇంకాస్త పడుతుంది. కటింగైతే ఎనిమిది నుంచి పది నెలలు. ఆ మూడు నాలుగు నెలల కోసం మిస్ట్ (మంచులా నీళ్లు చల్లే ఏర్పాటు) పెట్టుకోవడం నాకైతే లాభసాటిగా కనపడలేదు.

సరే, చేసి చూడాలని ఉంది అంటే ఇలా చెయ్యండి

తల్లి మొక్క ముఖ్యం. పరీక్ష చేయించిన, వలగూడులో పెంచిన మొక్క నుంచి కొమ్మ తీసుకోండి. మీ దగ్గర్లో కొండమల్లేపల్లి పరిశోధన స్థానం ఉంది, మా వైపు తిరుపతి, పెట్లూరు ఉన్నాయి, పైన నాగపూర్‌లో కేంద్ర నిమ్మజాతి పరిశోధన సంస్థ ఉంది. ఎక్కడో ఒకచోట అడిగి, రోగం లేని రెండు మూడు మొక్కలు తెచ్చుకుని, వాటినే తల్లులుగా పెంచుకోండి.

కొమ్మ వయసు చేత్తో తడిమి చెప్పొచ్చు. నిమ్మజాతి లేత కొమ్మ గుండ్రంగా ఉండదు, మూలలు తేలి మూడు పలకలుగా ఉంటుంది. ముదిరేకొద్దీ ఆ పలకలు పోయి గుండ్రమవుతుంది. వేళ్ల మధ్య తిప్పితే పలకలు ఇంకా కాస్త తగులుతూ, రంగు ఆకుపచ్చగా ఉండి, వంచితే రబ్బరులా వంగకుండా టప్పున విరిగే దశే సరైనది. ఆకు పూర్తిగా విచ్చుకుని ముదురు పచ్చకి తిరిగి ఉండాలి. బూడిద గీతలు పడి బెరడు ముదిరిపోయిన కొమ్మ అయితే దాటిపోయినట్టే. లావు అగ్గిపుల్ల కంటే ఎక్కువ, పెన్సిల్ కంటే తక్కువ.

కోసేది తెల్లవారుజామునే. కోసిన వెంటనే తడి గోనెలో చుట్టండి. ఒక్కో ముక్క 4–5 అంగుళాలు, మూడు నాలుగు కణుపులు. కింది కోత కణుపుకి సరిగ్గా కింద ఉండాలి. పైన రెండు ఆకులు ఉంచి, అవి పెద్దవైతే సగానికి కత్తిరించండి. కింది ఆకులు, ముళ్లు తీసెయ్యండి. అడుగున ఒక పక్క సెంటీమీటరున్నర పొడవున పైపొర బెరడు సన్నగా చెక్కితే హార్మోన్ లోపలికి ఎక్కుతుంది, వేరు కూడా ఆ అంచు నుంచే వస్తుంది. తర్వాత లీటరుకు 1 గ్రాము కార్బెండజిమ్ (బూజు తెగుళ్ల మందు) కలిపిన నీళ్లలో ఐదు నిమిషాలు ఉంచి, తీసి, తడి ఆరాక హార్మోన్‌లో ముంచాలి.

హార్మోన్ కలపడం దగ్గరే చాలామంది దెబ్బతింటారు. ఐబీఏ నీళ్లలో కరగదు, స్పిరిట్‌లో కరుగుతుంది. పొటాషియం లవణం రూపంలో దొరికేది మాత్రం నేరుగా నీళ్లలో కలుస్తుంది, దొరికితే అదే తీసుకోండి. లెక్క తేలికే: 1000 పీపీఎం అంటే లీటరుకు 1 గ్రాము, అంటే 100 మిల్లీలీటర్లకు 100 మిల్లీగ్రాములు. 100 మిల్లీగ్రాములు తూచే త్రాసు మనకెక్కడిది? మొదటిసారి నేను పొట్లం పట్టుకుని బంగారం కొట్టుకి వెళ్లాను. ఆయన దాన్ని అనుమానంగా చూసి, "ఇదేం మందు సామీ" అని, త్రాసు గిన్నెలో బటర్ పేపర్ వేసి గానీ తూచలేదు.

ఆ తిప్పలు లేకుండా ఇలా చెయ్యండి. 1 గ్రాము ఐబీఏను 100 మిల్లీలీటర్ల స్పిరిట్‌లో పూర్తిగా కరిగించండి. అది 10,000 పీపీఎం తల్లి ద్రావణం. అందులోంచి 20 మిల్లీలీటర్లు తీసి, దానికి ఇంకో 30 స్పిరిట్, 50 నీళ్లు కలిపితే 100 మిల్లీలీటర్లు, 2000 పీపీఎం. 10 తీసుకుని 40 స్పిరిట్, 50 నీళ్లు కలిపితే 1000. స్పిరిట్ తగ్గించి నీళ్లు ఎక్కువ పోస్తే తెల్లగా విరిగి మందు అడుగుకి దిగుతుంది, అది ఇక పనికిరాదు. ముదురు రంగు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టండి, పిల్లలకు అందకుండా, పేరు రాసి. వాడేటప్పుడు చిన్న గ్లాసులోకి కొద్దిగా వంచుకుని వాడండి. ముంచగా మిగిలింది మళ్లీ సీసాలో పొయ్యొద్దు.

ముంచేది అడుగు సెంటీమీటరే, ఐదు సెకన్లే. ఒకటి రెండు మూడు నాలుగు ఐదు అని లెక్కపెట్టి తియ్యడమే. స్పిరిట్ ఆరడానికి రెండు నిమిషాలు గాలికి ఉంచి నాటండి. పౌడర్ అయితే అడుగు కాస్త తడిపి అద్ది, డబ్బా అంచుకి తట్టి ఎక్కువైంది దులపాలి. నాటే ముందు పుల్లతో గుంత చెయ్యండి, లేకపోతే పౌడరంతా పైనే రాలిపోతుంది. పాత పౌడర్ మీద నాకు నమ్మకం తక్కువ. ఎండలో, వేడిలో, మూత వదులుగా రెండేళ్లు షాపులో ఉన్న డబ్బా కంటే మామూలు మందు అప్పటికప్పుడు కలుపుకున్నదే నయం.

జంబేరి, రంగపూర్‌కు 1000 సరిపోతుంది, కాస్త ముదురు కొమ్మైతే 2000. సిట్రేంజ్ రకాలకు 2000 పెడతాను. క్లియోపాత్రా లాంటి కమలాజాతి మొండిది, 3000 పెట్టినా సగం రావడం గొప్ప. మోతాదు పెంచితే వేర్లు పెరగవు. ఒకసారి లెక్కలో పొరబడి తల్లి ద్రావణమే నేరుగా వాడేశాను, అంటే 10,000. పది రోజుల్లో ఆకులు పసుపు తిరిగి రాలాయి, అడుగు రెండంగుళాలు బొగ్గులా నల్లబడింది. కుళ్ళు తెగులనుకుని ఇంకో మందు పోశాను. అసలు సంగతి సీసా చూశాక గానీ తట్టలేదు.

ప్లానోఫిక్స్ అడిగారు కదా. అందులో ఉండేది ఎన్ఏఏ అనే ఇంకో హార్మోన్, 4.5 శాతం. పిందె రాలకుండా మనం కొట్టేది 4.5 లీటర్లకు 1 మిల్లీలీటరు, అంటే సుమారు 10 పీపీఎం. వేర్లకు ముంచడానికి అది చాలదు. 100 మిల్లీలీటర్ల నీళ్లలో 2 మిల్లీలీటర్లు కలిపితే దాదాపు 900 పీపీఎం అవుతుంది. నేను వాడి చూశాను, జంబేరికి పనిచేసింది. వేర్లు ఐబీఏతో వచ్చిన వాటికంటే లావుగా, పొట్టిగా, తక్కువ కొసలతో వచ్చాయి. మోతాదు కాస్త ఎక్కువైనా కాండం మాడిపోతుంది. వేరే ఏమీ దొరకనప్పుడు వాడుకోవచ్చు. పిందె రాలుడుకి కొందరు వాడే 2,4-డి మాత్రం దీనికి తేవొద్దు. అది కలుపు మందు.

తేనె, దాల్చిన చెక్క, కలబంద, పసుపు: వీటిలో వేరు తెప్పించేంత హార్మోన్ ఏమీ లేదు. బూజు పట్టకుండా కాస్త ఆపొచ్చు, అంతే. తేనె రాస్తే చీమలు వస్తాయి. కొబ్బరి నీళ్లలో ఉండే సైటోకైనిన్లు చిగురుకి మంచివి, వేరుకి అడ్డం. వీటితో వేరు వచ్చిందన్న వీడియోల్లో కొమ్మను చూడండి, చాలావాటిలో గజనిమ్మే ఉంటుంది. దానికి ఉత్త నీళ్లు పోసినా వేరు వస్తుంది.

గుడారం, మట్టి, ఎండ

మట్టి అన్నాను గానీ అసలు మట్టి వాడొద్దు. ఎరువు అసలే వద్దు. కడిగిన కొబ్బరి పొట్టు సగం, ముతక ఇసుక సగం. కొబ్బరి పొట్టును రెండు మూడు నీళ్లలో నానబెట్టి పారబోయాలి, లేకపోతే అందులోని ఉప్పు కొసల్ని కాల్చేస్తుంది. గుప్పెట్లో గట్టిగా పిండితే రెండు చుక్కలు పడాలి. ధార కారితే ఎక్కువైనట్టు. మీ 300 ముక్కల్లో చాలావాటి అడుగు మెత్తబడి ఉంటుందని నా అనుమానం, ఎందుకంటే గుడారం లోపల నీళ్లు ఆరవు, మనమేమో రోజూ పోస్తూనే ఉంటాం. తడి ఉండాల్సింది గాలిలో, ఆకు మీద. అడుగున కాదు.

పాలిథిన్ గుడారం నేరుగా ఎండలో ఉంటే అది పొయ్యి. మా దగ్గర ఏప్రిల్‌లో లోపల థర్మామీటర్ పెడితే మధ్యాహ్నానికి 48 చూపించింది. ఆకులు ఉడికిన తోటకూరలా వేలాడాయి. ఆ ఏడాది 600 పోయాయి. షేడ్‌నెట్ కింద గుడారం ఉండాలి, నెట్‌కీ పాలిథిన్‌కీ మధ్య గాలి ఆడాలి. లోపల 25 నుంచి 32 డిగ్రీల మధ్య ఉంటే హాయి. మన రెండు రాష్ట్రాల్లో జులై నుంచి సెప్టెంబర్ దాకా మంచి సమయం, ఫిబ్రవరి రెండో మాట. డిసెంబర్, జనవరిలో ముక్కలు చావవు, కానీ రాత్రి చలికి పని నిదానమవుతుంది. మిస్ట్ లేకపోతే చేతి స్ప్రేయర్‌తో రోజుకు మూడు నాలుగు సార్లు ఆకు మీద మంచులా కొట్టండి.

చచ్చిందో బతికిందో ఆకును చూసి తెలుసుకోవచ్చు. ఆకు ఎండి, కాడతో సహా కాండానికి అతుక్కుని వేలాడుతుంటే ఆ ముక్క పోయింది. ఆకు పసుపుబారి, ముట్టుకోగానే కాడతో సహా ఊడిపడితే కాండం ఇంకా బతికుంది. కళ్ళంటు కట్టాక కాడను తాకి చూస్తాం చూడండి, అదే సూత్రం.

నాలుగైదు వారాలకు మెల్లగా పైకి లాగి చూడండి. పట్టు తగిలితే వేరు వచ్చినట్టు. రోజూ పీకి చూడొద్దు, మొదటి వేర్లు గాజు పుల్లల్లా పుటుక్కున తెగుతాయి. ఆరేడు వారాలకు సంచుల్లోకి మార్చేటప్పుడు ఒకే పక్కన వేర్లున్న మొక్కల్ని తీసెయ్యండి. ఎన్ని వేర్లున్నాయని కాదు, చుట్టూ ఉన్నాయా లేదా అని చూడాలి. ఒక పక్క వేర్ల మొక్క తోటలో మూడో ఏడు గాలికి ఒరుగుతుంది. మార్చే ముందు పది పదిహేను రోజులు గుడారం అంచులు కొద్దికొద్దిగా ఎత్తి బయటి గాలి అలవాటు చెయ్యాలి. నా మొదటి మంచి బ్యాచ్, వందకి డెబ్బై వేర్లు వచ్చినది, ఈ ఒక్క పని చెయ్యక ఒక మధ్యాహ్నంలో వాడిపోయింది.

ఇంకో చిన్న చిక్కు: కటింగు మొక్క కింది నుంచే రెండు మూడు కొమ్మలేస్తుంది. మనకు అంటు కట్టడానికి నేల నుంచి తొమ్మిది అంగుళాలు శుభ్రమైన ఒంటి కాండం కావాలి. బాగా ఉన్న చిగురొకటి ఉంచి, పుల్ల కట్టి, మిగతావి గిల్లేస్తూ ఉండాలి. అంటు కిందికి కడితే వానకి మట్టి చిమ్మి బంక తెగులు వస్తుంది.

తల్లివేరు గురించి మీరు అడగలేదు, కానీ మీ నాన్నగారి వయసు వాళ్లెవరైనా తప్పకుండా అడుగుతారు. నిజమే, కటింగుకి తల్లివేరు ఉండదు, నాలుగైదు పక్క వేర్లు ఉంటాయి. కానీ నారుమడిలోంచి పీకి సంచిలో పెట్టిన గింజ మొక్కకు మాత్రం తల్లివేరు నిండుగా ఎక్కడుంది? పీకేటప్పుడు తెగుతుంది, లేకపోతే సంచి అడుగున కొక్కెంలా వంకర తిరుగుతుంది. ఫ్లోరిడాలో గింజ, కటింగు, టిష్యూ కల్చర్ వేరుమూలాల మీద చెట్లు పెట్టి పోల్చి చూసినప్పుడు, మొదట్లో వేర్ల తీరులో తేడా ఉన్నా తోటలో పెరుగుదల, కాపు దగ్గర పెద్ద తేడా రాలేదు. గాలి ఎక్కువగా ఉండే చోట, పైపైన నేలలో, బండ దగ్గరగా ఉంటే నేను గింజ మొక్కనే పెడతాను.

మీకు కావలసింది 300 మొక్కలనుకుందాం. 20 అడుగుల ఎడంలో ఎకరాకు 108 పడతాయి, అంటే మీరు ఆలోచిస్తున్నది దాదాపు మూడెకరాలు. ఆ మూడెకరాలూ మీరు ఇరవై ఏళ్లు కాపాడుకోవాలి. అందుకని గింజ, అదీ వీలైతే రంగపూర్ గింజ. జంబేరి ఏపుగా పెరుగుతుంది, నీటి ఎద్దడి తట్టుకుంటుంది, కానీ వేరుకుళ్ళుకి లొంగుతుంది. బత్తాయికి మన దగ్గర రంగపూర్‌ను సిఫారసు చేయడానికి అదో కారణం. రంగపూర్ కాయ గుర్తుపట్టడం తేలిక. నారింజ రంగు, కమలాలాగా వదులు తొక్క, నోట్లో వేసుకుంటే పుల్లగా ముఖం ముడుచుకుంటుంది. జంబేరిది పసుపు రంగు, గరుకు తొక్క.

మిగిలిన ఆ 40 సంగతి. వాటిలో ఆకు లేదు, ఎండలు ముదిరాయి, తల్లి చెట్టు ఆరోగ్యం తెలియదు. ప్రాక్టీసుకి ఉంచుకోవాలంటే ఉంచండి. ఓ పదింటిని తీసి, అడుగు కుళ్ళిందేమో చూసి, కొత్త కొబ్బరి పొట్టు–ఇసుకలోకి మార్చి, షేడ్‌నెట్ కిందికి జరపండి. వచ్చిన చిగురులో రెండు ఆకులు ముదిరేదాకా మిగతావి గిల్లండి. ఆ ఆకులు నిలబడితే వేరు రావచ్చు. వచ్చినా వాటికి అంటు కట్టి తోటలో పెట్టొద్దు, పెరట్లో కుండీలో పెట్టుకోండి. పీకిన ముక్క అడుగు భాగం దగ్గరగా ఫోటో తీసి, పక్కన రూపాయి బిళ్ళ ఉంచి, ఇక్కడే పెట్టండి. అది కాలస్సో, కుళ్ళో, వేరు మొదలో చూసి చెప్తాను.